చేతిగడియారమును మన ఊరి ప్రొద్దును

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రసంబంధమైన వ్యాసమొకటి వ్రాసి యిమ్మని నిర్వాహకులు నన్ను కోరిరి. మార్కాపురము చెన్నకేశవస్వామి ఆలయమును గూర్చియో, పలకల గనులను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. ఆ విషయములను నాకన్న చక్కగా వ్రాయగల పెద్దలు ఈ ప్రాంతముననే కలరు. నేను మాత్రము ప్రతిదినము ఉదయమున కీ ఇచ్చి చేతికి కట్టుకొను వస్తువును గూర్చి వ్రాయ సాహసించుచున్నాను. వస్తువు చిన్నదే. అయినను మా యింట అరువది యేండ్లు తెగక నిలిచిన తగవొకటి గడియారమువలన పుట్టి, గడియారముల చరిత్రవలననే తీరినది. అట్టి తగవు మన గ్రామమున మరికొన్ని యిండ్లలోను ఉండవచ్చునని నా ఊహ.

మొదట మాటలను చూతము. మనము వాచీని చేతిగడియారమందుము గాని, అది చూపునది గడియలను కాదు. గడియ యనగా 24 నిమిషములు. అట్టివి 60 గడిచిన ఒక అహోరాత్రము. ఏడున్నర గడియలు ఒక జాము. అడుగున సన్నని రంధ్రముగల రాగి గిన్నెను నీటిపై ఉంచిన, అది నిండి మునుగుటకు పట్టు కాలమే గడియ. ఆ గిన్నెను గడియకుడుక యనిరి. మునిగినప్పుడెల్ల గంట కొట్టి జనులకు తెలుపుట ఆచారము. తరువాతి కాలమున దొరల గడియారములు వచ్చి, రెండున్నర గడియల పరిమాణమునకు గంట యను పేరే స్థిరపడినది. నిమిషమన్ననో సంస్కృతమున రెప్పపాటు; నేడు 60 సెకనులు. మాటలు పాతవి, కొలతలు క్రొత్తవి. ఈ మార్పు ఎరుగక పురాణములు చదువువారు కొన్ని తావుల తికమక పడుదురు.

గడియకుడుక ఏ ఊరిలో నున్న ఆ ఊరి సూర్యోదయమునుండియే లెక్క. పొరుగూరితో దానికి పనిలేదు. పొత్తు కుదుర్చవలసిన అగత్యము రైలుతో వచ్చెను. పందొమ్మిదవ శతాబ్ది చివర గుంతకల్లునుండి బెజవాడకు మీటరుగేజి దారి వేసి, కంభము, మార్కాపురము, దొనకొండల మీదుగా బండ్లు నడిపినప్పుడు, స్టేషనుల గడియారములు నడచినది మద్రాసు కాలమును బట్టి. మద్రాసు నక్షత్రశాలలో నిర్ణయించిన కాలమును తంతి మూలమున రైలువారికి అందజేయుచుండిరి. మద్రాసునకును మనకును గల భేదము మూడు నాలుగు నిమిషములే గనుక అది ఎవరికిని బాధ కాలేదు. 1906 జనవరి 1వ తేదీనుండి దేశమంతకు ఒకే కాలము ఏర్పడినది. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము, అనగా ఇంచుమించు కాకినాడ చేరువగా పోవు గీత, దానికి ఆధారము. మన కొనకనమిట్ల ఆ గీతకు పడమట మూడు డిగ్రీలకు పైగా నున్నది. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున మన ఊరి ప్రొద్దు వాచీకంటె సుమారు 12 నిమిషములు వెనుక.

ఇది నిజమా అని సందేహించువారు ఆరుబయట నిట్రాట పాతి నీడ చూడవచ్చును. నీడ మిక్కిలి పొట్టియగునది వాచీలో సరిగా 12 గంటలకు కాదు. సూర్యుని నడకలోనే ఏడాదికి కొంత హెచ్చుతగ్గు కలదు గనుక, ఫిబ్రవరి నడుమ 12 గంటల 26 నిమిషముల ప్రాంతమునను, నవంబరు మొదట 12కు కొంచెము ముందుగను మన ఊర మిట్టమధ్యాహ్నమగును. నేను ఈ రెండును చూచితిని.

ఇక చేతిగడియారము మాట. వెనుక గడియారము జేబులో నుండెడిది. గొలుసుతో అంగీకి తగిలించెడివారు. మణికట్టునకు కట్టుకొనుట స్త్రీల అలంకారమని మగవారు చాలకాలము చిన్నచూపు చూచిరి. 1914నుండి 1918 వరకు జరిగిన మహాయుద్ధమున కందకములలోని సిపాయికి, ఒక చేత తుపాకి యుండగా జేబు తడవుకొనుటకు వీలులేక, గడియారము చేతికెక్కినది. మన దేశమున వెస్టెండ్, ఫేవర్ లూబా మొదలగు స్విస్ వాచీలు పేరుపొందినవి. 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహాయమున హెచ్.ఎం.టి. వారు బెంగుళూరున వాచీలు చేయ నారంభించిరి. తరువాత మన హైదరాబాదు ఆల్విన్ సంస్థయు సీకోవారి సహకారముతో వాచీలు చేసినది. 1969లో ఆ సీకోవారే టోక్యోలో విడుదలచేసిన క్వార్ట్జు వాచీ, బ్యాటరీతో నడచునది, కీ వాచీల కాలమునకు గండి కొట్టెను. తెలుగువారు పెక్కురున్న హొసూరులో టైటాన్ కర్మాగారము వెలసిన పిమ్మట మన పల్లెలలోను కీ ఇచ్చు అలవాటు సన్నగిల్లినది. హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది.

మా తండ్రిగారిది హెచ్.ఎం.టి. జనతా. 17 రాళ్లు. ఈ రాళ్లు నగలలో పొదుగు కెంపులవంటివే గాని కృత్రిమముగా చేసినవి. ఇరుసులు అరుగకుండ వానియందు తిరుగును. లోపల చుట్టుకొన్న స్ప్రింగు విప్పుకొనవలెనని తొందరపడుచుండును. బ్యాలెన్సు చక్రము ఇటునటు ఊగుచు దానిని అదుపున నుంచి కొంచెము కొంచెముగా విడిచిపెట్టును. మనము వినునట్టి టిక్కుటిక్కు ఆ అదుపు చప్పుడే. ఈ వాచీ గంటకు 18,000 పర్యాయములు కొట్టుకొనును. ఒక దినమునకు లెక్కించితిని, 4,32,000 వచ్చెను. కలియుగమున వత్సరముల సంఖ్యయు సరిగా 4,32,000. ఇందు రహస్యమేమియు లేదు, గుణకారపు పొందికయే. అయినను ఆ రాత్రి నాకు చాలసేపు నిద్రపట్టలేదు.

దినమునకు 30 సెకనులు తప్పు వాచీని జనులు చెడ్డదందురు. దినమునకు 86,400 సెకనులు. 2,880 రూపాయల జమలో ఒక్క రూపాయి తేడా వచ్చినట్లు. లెక్కలు వ్రాయువారు ఎవరైనను చెప్పుడు, అది ఎంత చిన్న తేడాయో! వాచీ తప్పకుండుట ముఖ్యము కాదు, ప్రతిదినము ఒకే రీతిగా తప్పుట ముఖ్యము. దినమునకు 25 సెకనులు ముందుకు పోవు వాచీ, ఎల్లప్పుడు 25 సెకనులే పోయిన, మంచి వాచీ. దానిని నమ్మి లెక్క కట్టుకొనవచ్చును. ఒకనాడు 5 ముందునకు, మరునాడు 40 వెనుకకు పోవునది పనికిరాదు. మా తండ్రిగారు రేడియోలో వార్తలకు ముందు వినవచ్చు కాలసూచక ధ్వనిని బట్టి ప్రతి ఆదివారము తేడా చూచి, క్యాలెండరు వెనుక గుర్తు వేసెడివారు.

ఆ వాచీని పాడుచేసినవాడను నేనే. నాకు పదునాలుగేండ్లప్పుడు ఆయన ఊరలేని సమయమున వెనుకమూత ఊడదీసి, నూనె లేక నెమ్మదిగా నడచుచున్నదని నిశ్చయించి, కుట్టుమిషను నూనెను చీపురుపుల్లతో రెండు చుక్కలు వేసితిని. వేసవి యంతయు బాగుగనే నడచెను. ఆ నూనె ఉండవలసినచోట నిలువక హెయిరు స్ప్రింగు మీదికి పాకి, చుట్లు ఒకదాని కొకటి అంటుకొని, గంటకు పది నిమిషములు పరుగెత్తసాగెను. మా తండ్రిగారు నన్ను కొట్టలేదు. మార్కాపురమున ఒక వృద్ధుడైన రిపేరుదారుకడకు నన్ను వెంటబెట్టుకొని పోయి, "ఏమి చేసినావో ఆయనకు నీవే చెప్పు" అనిరి. చెప్పితిని. ఆ వృద్ధుడు కంటికి భూతద్దము బిగించి, ముక్కలన్నిటిని పెట్రోలులో కడిగి, సూదిమొనపై నిలుచునంత నూనెను మాత్రము ఆయాచోట్ల తాకించెను. అంతకు మించినది విషమని నాకు ఆనాడు తెలిసినది.

ఆయన చెప్పిన జాగ్రత్తలు ఇవి. కీ ప్రతిదినము ఒకే వేళ ఇయ్యవలెను; ఉదయమైన మేలు. చేతినుండి విప్పి ఇయ్యవలెను, కట్టుకొనియే త్రిప్పిన ఇరుసు ప్రక్కకు వంగును. బిగువు తగిలినంతనే ఆపవలెను. గడ్డపార పట్టునప్పుడు, మోట్లు చీల్చునప్పుడు వాచీ ఇంట ఉండవలెను. రేడియో స్పీకరు చెంత పెట్టరాదు. అందలి అయస్కాంతము స్ప్రింగును పట్టిన వాచీ ముందునకు ఉరుకును. నేటి సెల్‌ఫోనులలోను స్పీకరున అయస్కాంతము కలదు గనుక తలగడ ప్రక్క రెంటిని జతపరుపకుడు. మన ప్రాంతమున చెమటకన్న దుమ్ము శత్రువు, అందును పలకలు కోయుచోట లేచు మెత్తని రాతిపొడి. నాలుగైదేండ్లకొకసారి విప్పించి కడిగింపవలెను. ఇది చేయగలవారు నేడు అరుదైపోయిరి. ఆ వృద్ధుని పని నేర్చినవారు లేరు. నేర్చుకొందుమని అడుగనివారిలో నేనును ఒకడను.

ఇంక ఆ తగవు. మా తండ్రిగారి జన్మపత్రికలో స్వభాను సంవత్సర పుష్యమాసమున, అనగా 1944 జనవరిలో, గురువారము ఉదయము 6 గంటల 50 నిమిషములని మా తాతగారు వ్రాసియుంచిరి. ఆయన జేబుగడియారమును మార్కాపురము రోడ్డు స్టేషనుకు పోయినపుడెల్ల అచటి గడియారముతో సరిచేసి తెచ్చెడివారు. నిమిషము తప్పనిచ్చువారు కారు. మా నాయనమ్మ మాత్రము "బుధవారము రాత్రి, వేగుచుక్క పొడిచినది, తెల్లవారలేదు, దీపపు వెలుగుననే బిడ్డను చూచితిని" అని కడవరకు చెప్పెను. ఆ నెలలో మన ఊర సూర్యుడు 6 గంటల 38 నిమిషముల ప్రాంతమున ఉదయించును. 6-50 యనగా ప్రొద్దు పొడిచినది, గురువారమే. సూర్యోదయమునకు ముందైన మన లెక్కలో అది బుధవారమే. పెద్దవారందరు కాగితమును నమ్మిరి. పురిటినొప్పులలో ఆమె వేళ యెట్లెరుగునని నవ్విరి. నేనును నవ్వితిని.

2004లో షష్టిపూర్తి సందర్భమున ఈ మాట మరల లేచినది. అప్పుడు మన గ్రంథాలయములోని జ్యోతిషగ్రంథ మొకదాని అనుబంధమున రెండు పంక్తులు నా కంటబడినవి. రెండవ మహాయుద్ధమున 1942 సెప్టెంబరు 1వ తేదీనుండి 1945 అక్టోబరు 15వ తేదీ వరకు దేశమందలి గడియారములను ప్రభుత్వము ఒక గంట ముందునకు త్రిప్పించినది. మా తాతగారి గడియారము తప్పలేదు. స్టేషను గడియారమును తప్పలేదు. గంటయే మారినది. 6-50 నుండి ఒక గంట తీసివేసిన 5-50. ప్రొద్దు పొడుచుటకు ఇంకను ముప్పావుగంట కలదు. ఆకాశమున శుక్రుడు ఆ నెలలలో తెల్లవారుజామునే కనబడుచుండెను.

పుస్తకము తెచ్చి మా తండ్రిగారికి చూపితిని. ఆయన రెండు పర్యాయములు చదివి, వాచీ విప్పి, కీ ఇచ్చుటకు అది వేళ కాకున్నను, కొంతసేపు చేత పట్టుకొని కూర్చుండిరి. "మా అమ్మ పోయి పదునొకండేండ్లయినది రా" అని మాత్రమనిరి. జన్మదినపు పూజ మరుసటి ఏటినుండి లెక్క సరిచేసి జరిపించుకొనిరి.

ఆ వాచీ నేడు నా చేత నున్నది. దినమునకు 25 సెకనులు ముందునకు పోవుచున్నది. 1942 సెప్టెంబరు మొదలు 1945 అక్టోబరు నడుమ జన్మించిన పెద్దల పత్రికలు ఎవరి యింటనైన నున్నచో, ఆదివారము ఉదయమున గ్రంథాలయమునకు తెచ్చిన సరిచూచి యిత్తును. ఆ పుస్తకము ఎడమవైపు బీరువాలో రెండవ అరలో నున్నది. అట్ట ఊడిపోయినది గనుక మెల్లగా తీయవలెను.