జాజ్ వృక్షము: మేరీ లూ విలియమ్స్

త్యాగరాజస్వామి కృతిని స్వరలిపిలో అచ్చువేయవచ్చును. కాని దానిని పాడెడి తీరు గురుముఖముననే నేర్వవలెనని మన శ్రోతలు ఎరుగుదురు. అమెరికాలో నల్లజాతి ప్రజల మధ్య పుట్టిన జాజ్ సంగీతమునకును ఇదియే ధర్మము. తెలిసిన వరుసను ఆధారము చేసికొని, వాద్యకారుడు సభలోనే కొత్త కల్పనలు చేయును. అవి కాగితముపై పూర్తిగా నిలువవు. గ్రామఫోను రికార్డు, గురువు బోధ, శ్రద్ధగల శ్రోత - ఈ మూడును కలిసి ఆ విద్యను ఒక తరము నుండి మరియొక తరమునకు అందించును. ఈ మూడు పనులను జీవితాంతము విడువక చేసిన పియానో విదుషి మేరీ లూ విలియమ్స్.

ఆమె 1910లో అట్లాంటా నగరమున జన్మించి, పిట్స్‌బర్గులో పెరిగినది. చిన్ననాడే చెవితో విని పియానో వాయింప నేర్చినది. 1930 ప్రాంతమున కాన్సాస్ సిటీలో ఆండీ కర్క్ బృందమునకు పియానో వాయించుటయే గాక, ఆ బృందమునకు కావలసిన రచనలు కూడ చేసెడిది. 1940 తరువాత న్యూయార్కు చేరినది. రాత్రి కఫే సొసైటీలో తన కచేరీ ముగిసిన పిమ్మట, హార్లెమ్ పేటలోని మింటన్స్‌కు పోయి, థెలోనియస్ మంక్ మొదలైన యువకుల వాద్యము వినెడిది. 'బీబాప్' అను కొత్త పద్ధతి రూపుకట్టుచున్న దినములవి. ఆ యువకులు ఆమె ఇంట చేరి తమ రచనలు వినిపించి సలహా లడిగెడివారు. అప్పటికే పేరుపొందిన విదుషి పిన్నల యెదుట శ్రోతగా కూర్చుండుట సామాన్యము కాదు.

రేడియోలో పనిచేయు మాకు ప్రత్యేకముగా నచ్చిన విషయ మొకటి కలదు. 1945లో న్యూయార్కునందలి ఒక రేడియో కేంద్రమున ఆమెకు వారమున కొక కార్యక్రమ ముండెడిది. పన్నెండు రాసుల పేర కూర్చిన 'జోడియాక్ సూట్' భాగములను ఆ కార్యక్రమములో శ్రోతలకు వినిపించినది. ఆ యేడే వానిని రికార్డు చేసినది. డిసెంబరు 31న టౌన్ హాలులో వాద్యబృందముతో ప్రదర్శించినది.

1954లో పారిస్ నగరమున ఉన్నట్టుండి వేదిక విడిచినది. 1957లో కాథలిక్ మతము స్వీకరించి, వ్యసనములచేత, వ్యాధులచేత చితికిన వాద్యకారులను ఆదుకొనుటకు పూనుకొన్నది. ఆ సంవత్సరమే న్యూపోర్టు ఉత్సవములో డిజీ గిలెస్పీ బృందముతో కలిసి వాయించి, తిరిగి సభలలో ప్రవేశించినది.

పూర్వులను యువతరము మరచిపోవుచున్నదన్న దిగులు ఆమెను నానాటికి బాధించినది. 1970లో వెలువడిన 'హిస్టరీ ఆఫ్ జాజ్' రికార్డులో తానే వాయించుచు, తానే వ్యాఖ్యానము చెప్పినది. ఆమె భావము ననుసరించి డేవిడ్ స్టోన్ మార్టిన్ అను చిత్రకారుడు ఒక జాజ్ వృక్షమును గీసినాడు. దాని వేళ్లు బాధలు. మ్రాను భక్తిగీతములు, రాగ్‌టైమ్, స్వింగ్, బాప్. సంప్రదాయముతో తెగతెంపులు చేసికొన్న నవీన ప్రయోగములు మాత్రము అందులో ఆకులు లేని కొమ్మలు.

అట్టి ఆమె 1977 ఏప్రిల్ 17న కార్నెగీ హాలులో సెసిల్ టేలర్‌తో కలిసి రెండు పియానోల కచేరీ చేసినది. టేలర్ ఆ నవీన మార్గమున అగ్రగణ్యుడు. జాజ్ చరిత్రను వరుసగా వినిపింపవలెనని ఆమె సంకల్పము. తన ధోరణిని నిలుపరాదని అతని పట్టుదల. 'ఎంబ్రేస్డ్' అను పేర వెలువడిన ఆ కచేరీ రికార్డులో రెండు పియానోలు కొన్నిచోట్ల కలిసికొనును, పెక్కుచోట్ల పెనుగులాడును. సభ పూర్తిగా ఫలించినదని చెప్పజాలము. అయినను, తన చిత్రములో మోడుగా చూపిన కొమ్మ చెంతకే అరువదియారవ యేట ఆమె స్వయముగా పోయినది.

ఆ సంవత్సరమే డ్యూక్ విశ్వవిద్యాలయములో ఆస్థాన కళాకారిణిగా చేరి, విద్యార్థులకు జాజ్ చరిత్ర బోధింప మొదలిడినది. 1978లో స్విట్జర్లాండులోని మాంత్రో ఉత్సవములో ఒంటరిగా వాయించిన కచేరీ రికార్డయినది. 1981 మే 28న మరణించువరకు ఆ విశ్వవిద్యాలయము నామె విడువలేదు. 1983లో అచ్చట నల్లజాతి సంస్కృతికై ఆమె పేర ఒక కేంద్రము వెలసినది.

పాతపాట కోరు పెద్దలును, కొత్తపాట కోరు పిన్నలును మన యిండ్లలోను కలరు. పెద్దలు పాతదానిని బోధించుటతోపాటు కొత్తదానిని కూర్చుండి వినవలెననియే మేరీ లూ తలచినది. ఆ వినుట ఆమెకు సులభము కాలేదు; అయినను మానలేదు.