చదువు చెప్పే విద్యార్థికి సర్కారు జీతం

అమెరికాలో కాలేజీ విద్యార్థి ఒకరు చిన్నపిల్లలకు చదవడం నేర్పితే, పేద విద్యార్థులకు పని ఇచ్చే 'వర్క్ స్టడీ' పథకం కింద ఆ గంటల జీతం మొత్తాన్ని ఫెడరల్ ప్రభుత్వమే భరించే వెసులుబాటు 1997 జూలై 1న మొదలైంది. ఏడాది తిరిగేసరికి, పిల్లలకూ తల్లిదండ్రులకూ కలిపి చదువు చెప్పే కుటుంబ అక్షరాస్యత కార్యక్రమాల్లో పనిచేసేవారికీ అది వర్తించింది. దీన్ని సాధారణంగా క్లింటన్ హయాం నాటి అక్షరాస్యత ఉద్యమంలో ఒక అధ్యాయంగా చెబుతారు. నా దృష్టిలో ఇది ముందుగా పేద విద్యార్థి పొట్టపోసుకుంటూ చదువుకున్న చరిత్ర. పిల్లల చదువు అందులోకి, వర్క్ స్టడీ పుట్టిన ముప్పై ఏళ్ల తర్వాత వచ్చి చేరింది. ఈ వరస తెలిస్తేనే ఆ పథకం ఎందుకు నిలబడిందో, ఎక్కడ తడబడిందో అర్థమవుతుంది.

మూలాలు ఆర్థిక మాంద్యం రోజుల్లో ఉన్నాయి. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్‌ను పెట్టి, చదువు మానుకోవాల్సిన స్థితిలో ఉన్న విద్యార్థులకు పార్ట్ టైం పని చూపించి జీతం ఇచ్చింది. కాలేజీ విద్యార్థికి దక్కింది నెలకు సగటున 15 డాలర్లకు మించదు. టెక్సాస్‌లో ఆ సంస్థకు డైరెక్టరుగా వచ్చిన లిండన్ జాన్సన్ వయసు అప్పటికి 26. శాన్ మార్కస్‌లోని టీచర్స్ కాలేజీలో చదివే రోజుల్లో ఆయన కూడా క్యాంపస్ ఊడ్చే పని చేసినవాడే. ఫీజుల డబ్బు కోసం చదువు మధ్యలో ఆపి, 1928లో కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ మూలాలున్న పేదల పిల్లలకు పాఠాలు చెప్పాడు. అధ్యక్షుడయ్యాక, 1964 ఆగస్టు 20న ఆయన సంతకం చేసిన ఎకనామిక్ ఆపర్చునిటీ చట్టంలోనే కాలేజీ వర్క్ స్టడీ పుట్టింది. మరుసటి ఏడాది ఉన్నత విద్యా చట్టం మీద సంతకానికి ఆయన ఎంచుకున్న చోటు మళ్లీ ఆ శాన్ మార్కస్ కాలేజీయే. వర్క్ స్టడీ జీతంలో మొదట్లో 90 శాతం ప్రభుత్వానిది, మిగతా 10 శాతం పని ఇచ్చినవారిది.

చట్టం రెండు తలుపులు తెరిచింది: కాలేజీలో పని, బయట ప్రజలకు ఉపయోగపడే పని. కాలేజీలు ఎక్కువగా మొదటి తలుపే వాడుకున్నాయి. లైబ్రరీలో పుస్తకాలు సర్దడానికి, ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి, భోజనశాలలో వడ్డించడానికి తక్కువ ఖర్చుతో మనుషులు దొరుకుతుంటే బయటికి ఎందుకు పంపుతాయి? తర్వాతి కాలంలో ప్రభుత్వ వాటా 75 శాతానికి దిగింది. విద్యార్థిని బయటి బడికి పంపితే మిగతా పాతిక శాతం ఎవరో ఒకరు పెట్టుకోవాలి, పైగా క్యాంపస్‌లో ఒక మనిషి తగ్గుతాడు. నిధుల్లో కనీసం 5 శాతం సమాజ సేవకు వెచ్చించాలని 1992లో చట్టం మార్చాల్సి వచ్చిందంటే కారణం ఇదే. ఇక చిన్నపిల్లల చదువు సంగతికొస్తే, 1994 జాతీయ పరీక్షల్లో నాలుగో తరగతి పిల్లల్లో 40 శాతం మంది చదవడంలో కనీస స్థాయికి కూడా చేరలేదు. మూడో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి బిడ్డా సొంతంగా చదవగలగాలని క్లింటన్ 1996లో 'అమెరికా రీడ్స్' ప్రకటించారు. 1997 ఫిబ్రవరిలో ఆయన చేసిన ప్రసంగం నాటికి, తమ వర్క్ స్టడీ విద్యార్థులను ట్యూటర్లుగా పంపుతామని మాట ఇచ్చిన కాలేజీలు సుమారు 60. జీతం మొత్తం ప్రభుత్వమే భరించడం మొదలయ్యాక ఆ సంఖ్య వెయ్యి దాటింది. అధ్యక్షుడి పిలుపు, పత్రికల ప్రచారం పనిచేయలేదని అనను. కానీ పాతిక శాతం భారం తీసేయడం కాలేజీల లెక్కనే మార్చింది. అమెరికా రీడ్స్ కోసం క్లింటన్ ఐదేళ్లకు కోరిన 275 కోట్ల డాలర్ల బిల్లు కాంగ్రెస్‌లో నెగ్గలేదు. దాని స్థానంలో 1998లో వచ్చిన చదువు చట్టానికి తొలి ఏడాది దక్కింది 26 కోట్లు. ఉన్న నిధుల వాడకం నిబంధన మార్చిన చిన్న నిర్ణయమే విద్యార్థులను బడి దాకా నడిపించింది.

కుటుంబ అక్షరాస్యత ఆలోచన 1986లో కెంటకీ రాష్ట్రం మొదలుపెట్టిన ఒక కార్యక్రమంతో ఊపందుకుంది. 1988లో గుడ్లింగ్ అనే పెన్సిల్వేనియా కాంగ్రెస్ సభ్యుడి చొరవతో 'ఈవెన్ స్టార్ట్' పేరుతో అది దేశమంతటికీ పాకింది. ఒక గదిలో తల్లి చదువు, పక్క గదిలో బిడ్డ చదువు, పిల్లల పెంపకంపై తల్లిదండ్రులతో ముచ్చట, ఆ తర్వాత తల్లీబిడ్డా కలిసి కూర్చుని పుస్తకం తిరగేసే సమయం. పని ఈ నాలుగు భాగాలుగా సాగేది. ఇలాంటి కార్యక్రమాల్లో పనిచేసే విద్యార్థుల విషయంలో వర్క్ స్టడీ నిబంధనలు చక్కగా ఆలోచించి రాసినవే. పాఠం చెప్పడమే కాదు, ట్యూటర్లకు శిక్షణ ఇవ్వడం, వారి టైంటేబుల్ చూడటం, బోధన సామగ్రి తయారుచేయడం కూడా పూర్తి జీతానికి అర్హమే. భవనం ఊడ్చే పని, మరమ్మతు పని మాత్రం కాదు. విద్యార్థి చేతికి చీపురు ఇచ్చి అక్షరాస్యత ఖాతాలో రాసుకునే వీలు లేకుండా పోయింది.

సేవకు జీతమేమిటన్న అభ్యంతరం మొదటి నుంచీ ఉంది. ఇంటి నుంచి డబ్బు వచ్చే విద్యార్థి సాయంత్రం రెండు గంటలు ఉచితంగా ఇవ్వగలడు. ఫీజు కోసం పని చేయక తప్పనివాడు ఆ రెండు గంటలు ఏ హోటల్లోనో అమ్ముకుంటాడు. జీతం లేకపోతే సేవ కలిగినవారికే మిగిలిపోతుంది. రెండో అభ్యంతరం బరువైనది: ఫలితం ఏది? ఈవెన్ స్టార్ట్ జాతీయ మూల్యాంకనాల్లో ఆ కుటుంబాలు, అందులో చేరని కుటుంబాల కంటే ఎక్కువేమీ ముందుకు పోలేదు. 2011లో దాని నిధులు ఆగిపోయాయి. అయితే చాలా కుటుంబాలు తరగతులకు వచ్చిన గంటలు తక్కువేనని కూడా ఆ మూల్యాంకనాలే చెప్పాయి. స్వచ్ఛంద ట్యూటర్లపై 1998లో సమీక్ష రాసిన బార్బరా వాసిక్, చదవడం నేర్పడంలో నిపుణులైనవారి పర్యవేక్షణ, మంచి శిక్షణ ఉండాలని గట్టిగా చెప్పారు. వర్క్ స్టడీ ట్యూటరుకు జీతంతో కూడిన శిక్షణ సుమారు 20 గంటలకు మించరాదన్నది ప్రభుత్వ సూచన. అక్షరం పలకలేక తడబడే బిడ్డను పట్టుకోవడానికి అంత తక్కువ శిక్షణ చాలదు. ఆ తప్పు శిక్షణది, జీతానిది కాదు.

2000 జూలై 1 నుంచి సమాజ సేవ వాటా 7 శాతమైంది. ప్రతి కాలేజీ కనీసం ఒక చదువు ట్యూటరింగో, కుటుంబ అక్షరాస్యత కార్యక్రమమో నడపాలన్న షరతు దానికి తోడైంది. మిగతా 93 శాతాన్ని కాలేజీ తన పనులకే వాడుకోవచ్చు. పేద విద్యార్థి జీతం కోసం ఇచ్చే సొమ్ములో పేద బిడ్డ చదువుకు ఇంత కొద్ది వాటా సరిపోదు. ఆ 7 పెరగాలి, ఆ 20 గంటలూ పెరగాలి.