గర్భ పరీక్ష తప్పితే మహిమ ఎవరి ఖాతాలోకి?

నేను డాక్టర్ని కాను. బీకాం చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన వాణ్ణి. లెక్క తేడా వస్తే ఎక్కడ వచ్చిందో వెతకడం నా వృత్తి. అలా వెతికిన ఒక తేడా గురించి ఇక్కడ రాస్తున్నాను.

మాది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తెలుగువాళ్ళు తండోపతండాలుగా పనికి వెళ్ళారు. మా తాత కూడా వాళ్ళలో ఒకడు. రైల్వే క్వార్టర్లలో ఒకరింట్లో సంగతి సాయంత్రానికల్లా అందరి సంగతీ అయ్యేది.

1984 ఫిబ్రవరిలో మా పక్క క్వార్టరు వదినకి నెల తప్పింది. పెళ్ళై తొమ్మిదేళ్ళు, పిల్లల్లేరు. నాలుగు రోజులు ఆగి బజారులో ఒక లాబ్‌లో మూత్రపరీక్ష చేయిస్తే 'లేదు' అన్నారు. అత్తగారు ఆమెను ఒక స్వామి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన విభూతి పెట్టి, తాడు కట్టి, మూడు వారాలాగి మళ్ళీ పరీక్ష చేయించమన్నాడు. ఈసారి 'ఉంది' అని వచ్చింది. అక్టోబరులో కొడుకు పుట్టాడు. స్వామి ఇంటి ముందు క్యూ పెరిగింది.

అదే ఏడు, అదే వీధిలో ఇంకో సంఘటన. భర్త పోయి ఆరేళ్ళయిన ఒక అత్తకి నలభై ఏడేళ్ళు. ముట్టు ఆగి, వాంతులవుతున్నాయని వెళితే ఏదో పరీక్ష చేసి 'ఉంది' అన్నారు. ఆమెకి గర్భం లేదు. ఆ సంగతి తేలేలోపు వీధి ఆమెను చేయాల్సిన అవమానమంతా చేసింది. తేలాక ఒక్కరూ వెళ్ళి క్షమించమని అడగలేదు.

ఒకే రకం పరీక్షలో రెండు తప్పులు. ఒకటి స్వామికి జమ, రెండోది ఆమెకు ఖర్చు. అసలు ఈ పరీక్ష దేన్ని కొలుస్తుందో చూద్దాం.

గింజలు, ఎలుకలు, కప్పలు

మూత్రంతో గర్భం తెలుసుకోవాలన్న కోరిక పాతది. మూడువేల ఏళ్ళకు పైబడిన ఈజిప్టు పాపిరస్‌లలో ఒక పద్ధతి ఉంది: స్త్రీ మూత్రంతో గోధుమలు, బార్లీ తడపాలి, మొలిస్తే గర్భం. 1963లో ఈజిప్టు పరిశోధకులు దీన్ని పరీక్షించారు. గర్భిణుల నమూనాల్లో సుమారు 70 శాతం గింజల్ని మొలవనిచ్చాయి. కానీ ఏ గింజ మొలిస్తే ఆడ, ఏది మొలిస్తే మగ అన్న జోస్యం మాత్రం నిలవలేదు. మన పూర్వీకులకి అన్నీ తెలుసనేవాళ్ళూ, వాళ్ళకి ఏమీ తెలియదనేవాళ్ళూ ఇద్దరూ గమనించాల్సిన ఫలితం ఇది. నిజం ఏ పక్షానా ఉండదు, పరీక్షలోనే ఉంటుంది.

1928లో బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు డాక్టర్లు గర్భిణి మూత్రాన్ని పసి ఆడ చిట్టెలుకలకి ఎక్కించి, చంపి, అండాశయాలు చూశారు. వాటిలో మార్పు కనిపించింది. (ఇద్దరూ యూదులు. 1933 తర్వాత నాజీల వల్ల దేశం వదలాల్సి వచ్చింది.) తర్వాత కుందేళ్ళు, ఆఫ్రికా కప్పలు వచ్చాయి. 1947లో అర్జెంటీనా శాస్త్రజ్ఞుడు గాలీ మైనినీ మగ కప్పతో పని జరిపించాడు. మన దేశంలోనూ కప్పల మీద ఈ పరీక్ష చేసేవాళ్ళు.

తప్పులు అప్పుడే మొదలయ్యాయి. కప్ప స్పందన కాలాన్ని బట్టి మారేది. ముట్లుడిగిన స్త్రీల మూత్రానికి కూడా ఎలుకల అండాశయాలు కొంత స్పందించేవి. కొన్ని వృషణ కాన్సర్లున్న మగవాళ్ళ మూత్రానికి కూడా 'గర్భం' అనే ఫలితం వచ్చేది!

కారణం ఏమిటంటే, ఏ పరీక్షా బిడ్డను చూడదు. మాయ నుంచి వచ్చే హెచ్.సి.జి. అనే హార్మోనును చూస్తుంది. (ఈ మాయ భ్రమ కాదు, బిడ్డతోపాటు పెరిగేది.) ఆ హార్మోను ఇంకోచోటి నుంచి వచ్చినా, దాని పోలికలున్నది వచ్చినా పరీక్ష మోసపోతుంది.

పరీక్షనాళికలో ఉంగరం

1960లో స్వీడన్‌లో వైడ్, గెమ్‌జెల్ జంతువుల అవసరం లేని పద్ధతి తెచ్చారు. ప్రతిరక్షకాలు, గొర్రె రక్తకణాలు, మూత్రం కలిపి నాళికలో గంటో రెండు గంటలో కదలకుండా ఉంచాలి. గర్భముంటే అడుగున ఉంగరంలాంటి వలయం కడుతుంది. బల్ల అదిరితే వలయం చెదురుతుంది. మూత్రంలో రక్తమో ప్రొటీనో ఉన్నా, నాళిక కడిగిన సబ్బు మిగిలినా ఫలితం తారుమారే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ పరీక్షకి హెచ్.సి.జి. చాలా ఎక్కువ ఉండాలి. నెల తప్పి పది రోజులో రెండు వారాలో గడిస్తేగాని నమ్మకంగా తెలిసేది కాదు. మా వదిన వెళ్ళింది నాలుగో రోజున.

అకౌంట్స్‌లో దీన్ని బ్యాంక్ రీకన్సిలియేషన్ అంటాం. మనం చెక్కు రాసేశాం, పాస్‌బుక్‌లో ఇంకా పడలేదు. రెండు పుస్తకాలకీ తేడా ఉంది, కానీ ఎవరూ దొంగతనం చేయలేదు. తేదీల తేడా, అంతే.

మరి అత్త సంగతి? ముట్లుడిగాక పిట్యూటరీ గ్రంథి ఎల్.హెచ్. అనే హార్మోన్ను ఎక్కువగా వదులుతుంది. అది హెచ్.సి.జి.కి తోబుట్టువు లాంటిది. పాత ప్రతిరక్షకాలు ఆ ఇద్దర్నీ వేరుగా గుర్తుపట్టలేకపోయేవి. హెచ్.సి.జి.కి మాత్రమే ప్రత్యేకమైన బీటా భాగాన్ని పట్టే పద్ధతి అమెరికాలో 1972లోనే వచ్చింది. మా బజారు లాబ్‌లకి చేరడానికి టైం పట్టింది.

ఇప్పటి గీతలు

1988లో ఒక్కసారి ముంచితే గీత చూపే కర్ర వచ్చింది. మన దేశంలో 2008 నుంచి ఆశా కార్యకర్తల చేతికి 'నిశ్చయ్' కిట్లు ఇచ్చారు. పేరు బాగుంది గానీ నిశ్చయం అంత సులువు కాదు. తొందరపడి చేసినా, బాగా నీళ్ళు తాగి చేసినా 'లేదు' రావచ్చు. చెప్పిన టైం దాటాక చూస్తే తడి ఆరిన మరక గీతలా కనిపిస్తుంది. సంతాన చికిత్సలో హెచ్.సి.జి. ఇంజెక్షన్ తీసుకుంటే కొన్నాళ్ళు అదే పలుకుతుంది. అరుదుగా, హార్మోను మరీ ఎక్కువైనా గీత పడకపోవచ్చు.

రక్తపరీక్షా తప్పుతుంది. అమెరికాలో ఒక యువతికి రక్తంలోని ప్రతిరక్షకాల వల్ల హెచ్.సి.జి. ఉన్నట్టు పదేపదే వచ్చింది. కాన్సర్ అనుకుని మందులిచ్చి, గర్భసంచీ తీసేశారు. ఆమెకి కాన్సర్ లేదు. 2001లో జ్యూరీ కోటీ అరవై లక్షల డాలర్ల పరిహారం చెప్పింది. ఆ ప్రతిరక్షకాలు మూత్రంలోకి దిగవు. చవకైన మూత్రపరీక్షతో సరిచూసి ఉంటే సరిపోయేది.

సైన్సు తప్పు చేయదని నేననను. చేసిన తప్పుకి కారణం వెతికి, రాసిపెట్టి, సరిదిద్దుతుంది. పరీక్ష నిజాయితీగా 'ఇప్పుడు కనబడలేదు' అన్నదాన్ని 'లేదు' అని మనం చదివిన చోట స్వామి దూరతాడు. అందుకే అనుమానముంటే వారం ఆగి మళ్ళీ పరీక్ష చేయించండి, డాక్టరు చెబితే స్కాన్ తీయించండి. ఒక్క గీత చూసి ఎవరి శీలాన్నీ నిర్ణయించకండి.

బాబు పుట్టాక వదిన ఓసారి నన్నడిగింది, "నువ్వు లెక్కలోడివి కదా, స్వామి మహిమ కాదంటావా?" అని. "వదినా, మొదటిసారి లాబ్‌కి ఎందుకెళ్ళావు?" అన్నాను. "నెల తప్పింది కదా," అంది. "మరి తాడు ఎప్పుడు కట్టారు?" ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అత్తతో అనకు," అంది.

ఆ అబ్బాయికి ఇప్పుడు నలభై దాటాయి. పేరు మాత్రం స్వామిదే.