తొలి తుపాకి: జిమ్ కార్బెట్టు బాల్యమున వేఁటవిద్య

నేర్చువానికిఁ దొలుత నెట్టి యాయుధము నీయవలయునను విచారము ప్రాచీనమైనది. అగ్నిపురాణములోని ధనుర్వేదప్రకరణము నాలుగు హస్తముల విల్లుత్తమమనియు, మూఁడున్నర హస్తములది మధ్యమమనియు, మూఁడు హస్తములది కనిష్ఠమనియు విభజించినది. వింటికొక గుణము కలదు. దానిని వంచలేని బాలునకు నింకను సమయము కాలేదని యదియే తెలుపును. తుపాకి యట్లు తెలుపదు. మీటను నొక్కుటకు బాలుని వ్రేలిబలమైనను జాలును. కాఁబట్టి తుపాకి పుట్టిన పిదప, ఆయుధము చెప్పని నిషేధమును గురువో, చట్టమో, లేమియో చెప్పవలసివచ్చెను. ఈ మూఁటిలో నేది యెంతవఱకుఁ బనిచేయునో తెలియుటకు నరభక్షకవ్యాఘ్రములను సంహరించి ప్రసిద్ధికెక్కిన జిమ్ కార్బెట్టు బాల్యము మంచి నిదర్శనము.

కార్బెట్టు 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన కుమాయూను మండలమందలి నైనీతాలులో జన్మించెను. అతని తండ్రి యచ్చటి పోస్టుమాస్టరు, 1881లో మరణించెను. ఆ కుటుంబము శీతకాలమునఁ గొండ దిగి, కాలాఢుంగీ గ్రామమునఁ దమ యింట నివసించుచుండెడిది. చుట్టును నడవియే. బాలుఁడు వ్యాధినుండి కోలుకొనునపుడు అన్నయగు టామ్ అతనికొక పంగలకఱ్ఱ నిచ్చెను. పిమ్మట నుండవిల్లు, ఆ పిమ్మటఁ దుపాకి వచ్చినవి. ఈ క్రమమును కార్బెట్టు వార్ధకమునఁ బ్రకటించిన ‘మై ఇండియా’ (1952), ‘జంగిల్ లోర్’ (1953) అను గ్రంథములందు వర్ణించియున్నాఁడు.

ఆ తొలి తుపాకి మూతినుండి మందు దట్టించునట్టి ప్రాఁత జోడునాళికల తుపాకి. మందు మితిమీఱి దట్టించుటచేఁ గుడినాళిక చీలిపోయినది. విఱిగిన కొయ్యమడమ యిత్తడితీఁగతోఁ గట్టఁబడినది. నిలిచినది యెడమనాళిక యొక్కటియే. ధనవంతుఁడగు తండ్రి కుమారునకు నిట్టి దానిని గొనిపెట్టఁడు. అయినను శిక్షాదృష్టితోఁ జూచినచో నిందొక గుణము కలదు. ఒక్కసారి పేల్చినపిదప మరల మందుపోసి, గుండు వైచి, కఱ్ఱతో దట్టించునంతవఱకు వేఁటకాఁడు నిరాయుధుఁడు. కావున గుఱి నిశ్చయమగునంతవఱకుఁ బేల్చరాదు. నిశ్చయమగుటకు మృగమును సమీపింపవలయును. సమీపించుటకు గాలిని, నీడను, పక్షుల యఱపులను దెలియవలయును. చీలిన నాళికయు మందు మితి తప్పినవాని పాటును నిత్యము కన్నులయెదుటఁ బెట్టుచుండెను. ఇట్లు లేమి గురుత్వము వహించెను.

నిజమైన గురువు వేఱొకఁడు కలఁడు. చాందినీచౌకు గ్రామపెద్దయు, ఠాకూరు కులజుఁడును నగు కున్వర్‌సింగు కాలాఢుంగీ ప్రాంతమున దొంగవేఁటకుఁ బేరుపొందినవాఁడు. బాలుని చేతఁ దుపాకిని జూచి యతఁడు చీలిన నాళికను నిందింపలేదు. మంచి నాళికను బ్రశంసించెను. చెట్టెక్కుట నేర్చినచో నీ తుపాకితో నే యడవిలోనైనను నిర్భయముగాఁ దిరుగవచ్చునని చెప్పెను. చెట్టెక్క నేరని తన తోడివాఁడు హర్‌సింగు పులిచేఁ జీల్చఁబడిన వృత్తాంతమును దెలిపి, ఆ మాటను స్థిరపఱచెను. తుపాకిని గూర్చిన తొలి పాఠము తుపాకిలో లేదు. అది విఫలమైనపుడు చేయవలసిన పనిలో నున్నది.

ఇఁక చట్టము మాట. 1878వ సంవత్సరమున రెండు శాసనములు వెలువడినవి. ఆయుధశాసనము అనుజ్ఞాపత్రము లేక తుపాకి ధరింపరాదని విధించెను. దాని నియమములనుండి ఐరోపీయులకు మినహాయింపు లభించెను. అరణ్యశాసనము రిజర్వు అడవులను ప్రభుత్వాధీనము చేసి, అందు వేఁటను నిర్బంధించుట కధికారమిచ్చెను. కావున విద్య నేర్పినవాఁడు చట్టదృష్టికి దొంగ, నేర్చినవాఁడు దొరబిడ్డ. నేర్చినవానికి వయస్సెంత యని యడిగినవారు లేరు. చట్టము జాతినిఁ జూచెను గాని యోగ్యతను జూడలేదు.

పదియేండ్ల ప్రాయమునఁ గార్బెట్టు నైనీతాలు వాలంటీరు దళపు బాలశాఖలోఁ జేరి, 450 మార్టిని తుపాకితో గుఱి నభ్యసించెను. బ్రిటిషుసేన 1871లో స్వీకరించిన యీ మార్టిని-హెన్రీ యొంటితూటా తుపాకి. క్రింది మీటను దింపి యొక్కొక్క తూటానే నింపవలయును. దాని గుండు 480 గ్రెయినులు, అనఁగా రెండు తులములపై మూఁడింట రెండువంతులు. మందు 85 గ్రెయినులు. గుండు బరువును వేగమును హెచ్చినకొలఁది, తుపాకి బరువు తగ్గినకొలఁది భుజమునకుఁ దగులు తన్ను హెచ్చును. ఇందుచేతనే పొట్టి తుపాకికి సేనవారు 410 గ్రెయినుల గుండును, 70 గ్రెయినుల మందును గల వేఱు తూటాను నియమించిరి. యోధులకే తగ్గింప వలసివచ్చిన తన్ను బాలభుజమున కెట్టిదో యూహింపవచ్చును. తన్నునకు వెఱచినవాఁడు మీట నొక్కుటకు మున్నే కన్ను మూయును, గుఱి చెడును, గాయపడిన మృగము పొదలఁ జొచ్చి మనుష్యులకుఁ బ్రమాదహేతువగును. కార్బెట్టు పిదపఁ గొనియాడిన 275 రిగ్బీ రైఫిలు గుండు 140 గ్రెయినులే, తులమునకుఁ దక్కువ. కావున బాలునకు మార్టినియే తగినదని యతని చరిత్రము సిద్ధాంతీకరింపదు. ఒంటితూటా శిక్ష మేలైనది. తన్ను మేలైనది కాదు.

ఆ శిక్షకుఁ బరీక్ష 1907లో వచ్చెను. నేపాళమున 200 మందిని, కుమాయూనున 234 మందిని జంపినదని కార్బెట్టు వ్రాసిన చంపావత్ ఆఁడుపులి యెదుట నతని 500 రైఫిలులోని మూఁడు తూటాలును ముగిసెను. అతఁడు తహసీలుదారు తుపాకిని బుచ్చుకొనెను. అదియుఁ బ్రాఁతదే, నాళికలకును వెనుకభాగమునకును నడుమ సందు కలది. అతఁడు సమీపించి పేల్చెను. గుండు గుఱి తప్పి పంజాకే తగిలెను గాని, మునుపటి గాయములచే డస్సిన పులి యంతటఁ గూలెను. పగిలిన తుపాకితో విద్య నారంభించినవానికి సందుపడిన తుపాకి క్రొత్త గాదు. ఈ కార్యమునకుఁ బారితోషికముగాఁ బ్రాంతీయపాలకుఁడు సర్ జాన్ హ్యూయెట్టు ఇచ్చినదే పైఁ జెప్పిన రిగ్బీ. ఉత్తమాయుధము విద్యకుఁ బిదప వచ్చెను.

కార్బెట్టు తరువాతి కాలమునఁ దుపాకికంటెఁ గెమెరాను మిక్కిలి యాదరించెను. 1936లో నేర్పడిన హెయిలీ జాతీయవనము 1957లో నతని పేర వెలసెను. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టముతో భారతదేశమున వినోదమృగయ చరిత్రశేషమయ్యెను. 21 ఏండ్లు నిండనివానికిఁ దుపాకి యనుజ్ఞ లేదు. పెద్దల సమక్షమున గుఱి నేర్చుటకు మాత్రము నియమితముగా వెసులుబాటు కలదు. నాఁడు జాతినిఁ జూచిన చట్టము నేఁడు వయస్సునుఁ జూచుచున్నది. అది మేలే. కాని మితముగాఁ బేల్చుటయు, పేల్చక మరలివచ్చుటయు నేర్పుట చట్టమునకు సాధ్యము కాదు. ఆ పాఠమును గార్బెట్టునకు నేర్పినవి ఇత్తడితీఁగతోఁ గట్టిన యొంటినాళికయు, దొంగవేఁటకాఁడని పేరుపడిన గ్రామపెద్దయు. వేఁటచరిత్రములందు మొదటిదానికి స్థానము దొరకినది. రెండవవానికిఁ దగిన స్థానము నింకను దొరకలేదు.