సిమెంటులో చేరిన కట్టెబొగ్గు

కట్టడములతో బొగ్గుకు గల చుట్టరికము నేటిది కాదు. ఆసియా మైనరులోని ఎఫిసస్ నగరమున ఆర్టెమిస్ దేవికి ఆలయము కట్టబూనినవారు, చిత్తడినేలపై అంతటి బరువు నిలుచుటెట్లని యోచించి, పునాదిక్రింద ముందుగా బొగ్గు పోసి త్రొక్కించి, దానిపై గొర్రెబొచ్చు పరచిరని క్రీస్తుశకము 1వ శతాబ్దపు రోమను రచయిత ప్లినీ వ్రాసియున్నాడు. అతనికి పూర్వుడైన విట్రూవియస్ చెప్పిన సంగతి మరింత ముచ్చటైనది. గ్రీకులు శీతకాలపు భోజనశాలలలో నేలను రెండడుగుల లోతున త్రవ్వి, దిమ్మెస కొట్టి, కంకరయో పెంకుముక్కలో పరచి, ఆపై బొగ్గును దట్టముగా త్రొక్కి, సున్నమును ఇసుకను బూడిదను కలిపిన గచ్చును అరయడుగు మందమున పోసి నున్నగా రుద్దెడివారట. పాత్రలనుండి ఒలికిన ద్రాక్షాసవమైనను, పుక్కిలించి ఉమిసిన నీరైనను ఆ నల్లని నేలపై పడినంతనే ఇగిరిపోయెడిదట. వట్టికాళ్లతో వడ్డించు పరిచారకులకు చలి తగిలెడిది కాదట. విందుశాలలో ఉమియుట ఏమి మర్యాదయని మనము నొసలు చిట్లింపవచ్చును గాని, బొగ్గు నీటిని త్రాగునన్న మర్మము ఆ మేస్త్రీలకు తెలియుననుటలో సందేహము లేదు.

అయినను ఆనాటి బొగ్గు గచ్చుక్రింద పొరగానే యుండిపోయెను. 1824లో ఇంగ్లండులోని లీడ్స్ నగరపు తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్టులాండు సిమెంటుకు పేటెంటు పొందెను. తరువాతి శతాబ్దమున థర్మల్ కేంద్రముల బూడిదను సిమెంటులో కలుపుట అలవాటైనప్పుడు, అందు కాలక మిగిలిన కర్బనము దోషముగానే ఎంచబడెను. కాంక్రీటులో సన్నని గాలిబుడగలు నిలుపుటకై వేయు మందును అది పీల్చివేయును గనుక, బూడిదను మండించినప్పుడు తగ్గు బరువు 6 శాతమునకు మించరాదని అమెరికా ప్రమాణము కట్టడి చేసినది. ఇట్లు బహిష్కృతమైన కర్బనమునే చేజేతుల తెచ్చి కలుపవలెనన్న ఆలోచన ఆలస్యముగా పుట్టుటలో వింత యేమున్నది?

ఆ ఆలోచనకు ప్రేరణ సిమెంటు భట్టీలోనే యున్నది. 1450 డిగ్రీల వేడికి చేరు ఆ భట్టీలో ఇంధనము వెడలగ్రక్కు పొగ యటుంచగా, శుద్ధమైన సున్నపురాయి 1 టన్ను కాలినచో రాతినుండియే 440 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. దీనికి ప్రతిగా కొంత కర్బనమును కట్టడములోనే బంధింపవచ్చునన్నది ఆశ. చెట్టుచేమలు గాలినుండి గ్రహించిన కర్బనము, అవి కుళ్లినను కాలినను మరల గాలిలోనికే పోవును. గాలి చొరనీయక 350 మొదలు 700 డిగ్రీల వరకు కాచి బొగ్గు చేసినచో చిరకాలము నిలుచును. అట్లు నిలిచిన శుద్ధకర్బనము ఒక్క కిలో, గాలిలో 3.67 కిలోల వాయువునకు సమానము. అమెజాన్ తీరపు ప్రాచీనుల నల్లమన్ను చూచి ఈ బయోచార్‌ను మొదట పొలములకు సిఫారసు చేసిరి. పిదప దృష్టి గోడలపైకి మరలినది.

2016లో ఇటలీలోని టురిన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు హేజెల్ కాయల పెంకులను, కాఫీపొడిని బొగ్గుచేసి, మెత్తగా నూరి సిమెంటులో కలిపిన ఫలితములను ప్రకటించిరి. సింగపూరులో రంపపుపొట్టుతో ఇట్టి పరీక్షలే జరిగినవి. గ్రీకుల నేలలో ఆసవమును పీల్చిన రంధ్రములే ఇచట కలిపిన నీటిని దాచుకొని, సిమెంటు గట్టిపడు వేళ మెల్లమెల్లగా విడుచును. పైన మనము తడుపు నీటికి ఇది లోపలినుండి తోడుపడును. సన్నని రేణువులచుట్టు సిమెంటు స్ఫటికములు పేరుకొనును; పాకివచ్చు బీట రేణువు తగిలినచోట వంకరపోయి బలము కోల్పోవును. కాని ఆ దప్పికయే దీని అవగుణమును: సిమెంటు బరువులో ఒకటి రెండు శాతములవరకు మేలుచేయు బొగ్గు, మోతాదు మించినచో మిశ్రమమును బిగదీసి, అదనపు నీరు కోరి, బలమును హరించును.

2023లో మెల్బోర్న్ నగరపు ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయమువారు, త్రాగి పారవేసిన కాఫీపిప్పిని 350 డిగ్రీల వద్ద బొగ్గుచేసి, ఇసుకలో 15 శాతమునకు బదులుగా వేయగా కాంక్రీటు బలము సుమారు 30 శాతము హెచ్చెనని తెలిపిరి. పత్రికలు దీనిని మిక్కిలి కొనియాడినవి; అచట తగ్గినది ఇసుకయే గాని సిమెంటు కాదన్న మాట మాత్రము పలువురు పాఠకుల కంటబడి యుండదు. ఇక మనవద్ద బొగ్గుచేయదగిన వస్తువులను చూచినచో, బియ్యపు మిల్లుల ఊకలో సిలికా సమృద్ధిగా నున్నది గాని, అది ఇప్పటికే బాయిలర్లకు మేతయగుచున్నది. తెలంగాణ చేలలో పత్తి ఏరిన పిదప తగులబెట్టు కట్టెకు అట్టి పోటీ తక్కువ. దానిని బొగ్గుచేసి వాడదలచినచో, దూలములజోలికి పోక ముందుగా గోడపూతలతోను, కాలిబాట పలకలతోను ఆరంభించుట యుక్తమని నా యభిప్రాయము.