గొలుసు పట్టినోళ్లకు లైసెన్సు ఏది?



పోయిన వారం కొండగట్టు స్టేజీ కాడ ఇంటర్నెట్ సెంటర్ల మా పెద్దమ్మ కొడుకు పక్కన రెండు గంటలు కూసున్న. తమ్ముడు కరీంనగర్–జగిత్యాల రోడ్డు పొంట ప్లాట్లు చూపిస్తడు. ఇన్నేండ్లు నోటిమాట మీదనే కమీషన్ వచ్చేది. ఇప్పుడు వెంచర్ వాళ్లు "రెరా నంబర్ ఉంటెనే రా" అన్నరట.

వాళ్లు అన్నది తప్పు కాదు. 2016 రెరా చట్టం 9వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ అయిన ప్రాజెక్టుల ప్లాటు గానీ ఫ్లాటు గానీ అమ్మిపెట్టాలంటే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలె. ప్రతి బేరంల ఆ నంబర్ రాయాలె. లేకుంట అమ్మిపెడితే రోజుకు 10,000 రూపాయల జరిమానా, ఆ ఆస్తి విలువల 5 శాతం దాకా పోతది. తెలంగాణ రూల్స్ 2017 జులై 31న వచ్చినయి, 2018 ఆగస్టు ఆఖర్ల వెబ్‌సైట్ తెరిచిన్రు. ఒక్క మనిషికైతే ఫీజు 10,000, కంపెనీకైతే 50,000. ఐదేండ్లు నడుస్తది. గడువు తీరకముందే, మూడు నెలల ముందుగల్లనే రెన్యువల్ పెట్టుకోవాలె. 2018ల తీసుకున్నోళ్లకు 2023లనే అయిపోయింది. చానా మంది ఈ తారీఖు యాదిమరుస్తరు, జర రాసిపెట్టుకోండ్రి.

పాన్, ఆధార్, ఫొటో ఎక్కించినం. మూడేండ్ల ఐటీ రిటర్నుల కాడ తమ్ముడు ఆగిండు. "అన్నా, కమీషన్ చేతికి ఇచ్చిన్రు గని కాయితం ఎన్నడిచ్చిన్రు?" అన్నడు. పన్ను కట్టేంత ఆమ్దానీ లేనోళ్లు డిక్లరేషన్ ఇవ్వచ్చు. అదే పెట్టినం.

ఆడ కూసున్నంతసేపు నాకు మా తాత మతికొచ్చిండు. తాత సుంకరి. పట్వారి భూమి కొలువ పోతే గొలుసు పట్టింది తాత. ఏ గెట్టు ఎవలిదో, ఏ రాయి ఎన్నడు జరిపిన్రో ఊర్ల ఆయనకు తెలిసినంత ఎవలకు తెల్వది. అయినా పట్వారి దస్త్రంల ఆయన పేరు మీద గుంట భూమి లేదు. భూమిని ఎరిగినోడు మాదిగవాడల ఉండె, భూమిని రాసినోడు గడిల అరుగు మీద ఉండె.

1978 సెప్టెంబర్‌ల జగిత్యాల జైత్రయాత్రకు పోయినోళ్లు అడిగింది ఇదే: వెట్టి వద్దు, దొరలు పట్టుకున్న బంజరు మాకియ్యాలె అని. అదే ఏడు అక్టోబర్‌ల సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. అంత కొట్లాడినంక లావుణి పట్టాల మీద మనోళ్లకు వచ్చింది ఎకరమో అరెకరమో.

ఆ అసైన్డ్ భూమి చేతులు మారొద్దని అంతకు ముందు ఏడే, 1977ల చట్టం చేసిన్రు. అమ్మినా కొన్నా చెల్లది. రాసినప్పుడు దాంట్ల కొన్నోనికి ఉన్న శిక్ష ఆరు నెలల జైలు, లేకుంటే 2,000 జరిమానా, లేకుంటే రెండూ. నడుమ నిలబడి బయానా ఇప్పిచ్చి, తెల్లకాయితం మీద ఏలిముద్ర ఏపిచ్చిన దళారి ఊసే లేదు. బిడ్డ పెండ్లికో, దవాఖాన ఖర్చుకో మనోళ్లు పోగొట్టుకున్న భూములన్నీ ఆ నడుమ మనిషి చేతుల మీదికెల్లే పోయినయి. మా వాడల అసొంటి ఇండ్లు నేనే ఏడు లెక్కపెట్టిన.

మరి రెరా వాన్ని పట్టుకుంటదా? పట్టుకోదు. అది కొనేటోని చట్టం. లేఅవుట్ అయినంక, ప్లాట్ నంబర్లు పడ్డంక, పట్నం మనిషి మోసపోకుంట చూస్తది. మంచిదే, కాదంటలేను. కని ఎకరాల లెక్కన చేను కొనిపెట్టే దళారికి ఈ లైసెన్సు అక్కర్లేదు. చేను పోయేది ఆడ, కాయితం అడిగేది ఈడ. సుంకరి మనుమడు ప్లాటు చూపెట్టాలంటే పదివేలు కట్టాలె, అదే ప్లాటు కింద చేను ఉన్ననాడు దాన్ని మాట్లాడినోడు పైస కట్టలేదు.

సబ్మిట్ కొట్టినంక తమ్మున్ని అడిగిన: "నువ్వు చూపెట్టే వెంచర్ సర్వే నంబర్ ఎవలిదిరా మొదలు?" మొదలు నవ్విండు. తర్వాత, "తాతకు ఎరుకుండేది" అన్నడు.

రిజిస్ట్రేషన్ నంబర్ రాంగనే ఆ సర్వే నంబర్ 22-ఎ నిషేధిత జాబితాల ఉందో లేదో ఇద్దరం కలిసి చూస్తమన్నం. ఆ జాబితా ఎట్ల చూడాలె, పాత పహాణీ నకలు ఎట్ల తీయాలె అనేది వచ్చే భాగంల రాస్త.