అభిమానుల జ్ఞాపకం, చరిత్ర సాక్ష్యం: కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ గాథ

కలకత్తా ఫుట్‌బాల్ లీగు 1898లో ప్రారంభమయింది. ఆ తరువాత మూడున్నర దశాబ్దాల పాటు దాని విజేతల పట్టికలో ఒక్క భారతీయ జట్టు పేరు కూడా కానరాదు. ఆంగ్ల సైనిక దళాలూ, కలకత్తాలోని ఐరోపావారి క్లబ్బులూ ఆ గౌరవాన్ని తమలో తామే పంచుకొన్నాయి. 1934లో ఈ ఆనవాయితీ తెగిపోయింది. మొదటి డివిజనులో ప్రవేశించిన తొలి సంవత్సరమే మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ లీగును గెలుచుకొన్నది. 1938 వరకు వరుసగా ఐదేళ్ళు ఆ స్థానాన్ని నిలబెట్టుకొన్నది. 1936లో లీగుతో పాటు ఐ.ఎఫ్.ఎ. షీల్డును కూడా సాధించింది. ఒకే ఏడాది ఆ రెండింటినీ గెలిచిన మొదటి భారతీయ జట్టు అదే.

ఈ విజయాలను కళ్ళారా చూసిన తరం దాదాపుగా గతించింది. కాని వారు చెప్పిన ముచ్చట్లు మాత్రం గతించలేదు. కలకత్తాలో, ఢాకాలో, ఇంకా ఆ నగరాల నుండి వలసపోయిన కుటుంబాలు ఎక్కడెక్కడ స్థిరపడ్డాయో అక్కడ, తండ్రి నుండి కుమారుడికీ, అతని నుండి మనుమడికీ అవి అందుతూనే ఉన్నాయి. బంగాళా ముస్లిముల సామాజిక చరిత్ర వ్రాయదలచినవారు ఈ ముచ్చట్లను విస్మరించలేరు. అలాగని విన్నదంతా యథాతథంగా స్వీకరించనూ లేరు. మరి వాటికి ఎంత విలువ ఇవ్వాలి?

ఉల్లేఖనాలను తూచి చూడటం ముస్లిం విద్వాంసులకు కొత్త విద్య కాదు. చెప్పినవాడు ఎవరు, స్వయంగా చూశాడా లేక విన్నాడా, విన్నట్లయితే ఎవరి నుండి, అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది, చెప్పిన విషయం తెలిసిన ఇతర విషయాలతో పొసగుతున్నదా అనే ప్రశ్నలను హదీసువేత్తలు ఒక శాస్త్రంగా తీర్చిదిద్దారు. ఆ పవిత్ర శాస్త్రాన్ని ఆటల ముచ్చట్లకు అంటగట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. అయితే అది నేర్పిన జాగ్రత్త మాత్రం ప్రతి చరిత్రకారునికీ అవసరమే. ఆ జాగ్రత్తతో పరిశీలించినప్పుడు అభిమానుల జ్ఞాపకాలు ఒకే విధమైనవి కావనీ, వాటిలో పటిష్ఠమైనవీ, బలహీనమైనవీ, సగం నిజమైనవీ ఉన్నాయనీ తేటతెల్లమవుతుంది.

నమ్మశక్యం కాని నిజం

కలకత్తాకు చెందిన ఒక ముస్లిం ఆటగాడు స్కాట్లాండు వెళ్ళి, అక్కడి సుప్రసిద్ధ జట్టు తరఫున వట్టికాళ్ళతో ఆడి, వేలాది ప్రేక్షకులను ఆశ్చర్యచకితులను చేశాడని పాత అభిమానులు చెప్పుకొనేవారు. వినేవారికి ఇది కట్టుకథ అనిపించడం సహజం. కాని ఇది నిజమే. మహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు ముహమ్మద్ సలీమ్ 1936లో గ్లాస్గో నగరంలోని సెల్టిక్ క్లబ్ తరఫున రెండు ఆటలు ఆడాడు. పాదాలకు పట్టీలు చుట్టుకొని, బూట్లు లేకుండానే బరిలోకి దిగాడు. ఆనాటి స్కాటిష్ పత్రికలు అతని నైపుణ్యాన్ని కొనియాడాయి. ఉండిపొమ్మని క్లబ్ వారు కోరినా ఇంటి మీద బెంగతో స్వదేశానికి తిరిగి వచ్చాడు. వార్ధక్యంలో అతడు జబ్బుపడినప్పుడు అతని కుమారుడు సెల్టిక్ వారికి ఒక లేఖ వ్రాయగా, వారు నూరు పౌండ్లు పంపారు. డబ్బు కోసం కాదు, తన తండ్రి వారికి ఇంకా జ్ఞాపకం ఉన్నాడో లేదో తెలుసుకోవడానికే వ్రాశానని కుమారుడు తరువాత చెప్పాడు. సలీమ్ 1980లో మరణించాడు. నోటి ముచ్చటగా నిలిచినదానికి వ్రాతపూర్వకమైన సాక్ష్యం కూడా తోడయిన ఉదంతమిది.

ఆధారం లేని ముచ్చట

దీనికి భిన్నమైనది సయ్యద్ అబ్దుస్ సమద్‌ను గురించిన కథ. 1930వ దశకంలో మహమ్మడన్ తరఫున ఆడిన ఈయనను అభిమానులు ‘మాంత్రికుడు’ అని పిలిచేవారు. ఒకసారి ఆయన కొట్టిన బంతి గోలు పైకమ్మికి తగిలి వెనక్కి వచ్చిందట. తన గురి తప్పదనీ, కమ్మి ఎత్తే తక్కువగా ఉండి ఉంటుందనీ ఆయన పట్టుబట్టాడట. కొలిచి చూస్తే నిజంగానే తక్కువ ఉన్నదట! ఈ సంఘటన ఎక్కడ జరిగిందన్న విషయంలో చెప్పేవారి మధ్య ఏకాభిప్రాయం లేదు. ఒకరు ఒక దేశం పేరు చెబితే మరొకరు వేరొక దేశం పేరు చెబుతారు. చూచినవాడి పేరు ఎవరూ చెప్పరు. పరంపర లేని మాట ఇది. ఇటువంటిదాన్ని సమద్ జీవితంలోని సంఘటనగా వ్రాయరాదు. ఆయనను ప్రజలు ఎంతగా ప్రేమించారో తెలిపే ఆనవాలుగా మాత్రం వ్రాయవచ్చు.

సగం నిజం

అన్నిటికంటె ఎక్కువ ప్రచారంలో ఉన్నది వట్టికాళ్ళ గాథ. బూట్లు తొడిగిన తెల్లవారిని వట్టికాళ్ళవాళ్ళు ఓడించారన్నది దాని సారాంశం. ఇది మొదట మోహన్ బగాన్ జట్టుకు చెందిన జ్ఞాపకం. 1911 జులై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచిన ఆ జట్టులో పదకొండుమందికి పదిమంది వట్టికాళ్ళతోనే ఆడారు. కాలక్రమంలో ఆ చిత్రమే మహమ్మడన్ విజయాలకు కూడా అతుక్కుపోయింది.

వాస్తవం ఇంకొంచెం వేరుగా ఉన్నది. కలకత్తా లీగు వర్షాకాలంలో జరిగేది. నేల ఎండి ఉన్నంతసేపు వట్టికాళ్ళ ఆటగాడు చురుకుగా కదలగలడు. నేల బురదయితే కాలు నిలవదు, బంతి బరువెక్కుతుంది. వానపడిన రోజున సైనిక జట్లు గెలవడానికి ఇదే ముఖ్య కారణం. సి.ఎ. అజీజ్ క్లబ్ కార్యదర్శిగా ఉన్న కాలంలో మహమ్మడన్ ఈ లోపాన్ని గుర్తించింది. తడి నేల మీద బూట్లు తొడిగి ఆడటం తన ఆటగాళ్ళకు అలవాటు చేసింది. అంతేకాదు, బంగాళాకే పరిమితం కాకుండా బెంగుళూరు, పెషావర్ వంటి దూరప్రాంతాల నుండి కూడా ప్రతిభావంతులను వెతికి తెచ్చుకొన్నది. ఉస్మాన్ జాన్, జుమ్మా ఖాన్, నూర్ ముహమ్మద్, మాసూమ్, రషీద్, రహీమ్ మొదలయినవారు అలా కూర్చిన జట్టులోని వారే.

అనగా ఆ విజయానికి పునాది ఆవేశం మాత్రమే కాదు. లోపాన్ని నిజాయితీగా గుర్తించడం, దానికి తగిన పనిముట్టును స్వీకరించడం, ప్రతిభ ఎక్కడ ఉన్నా పిలిపించడం. అభిమాని జ్ఞాపకం వట్టికాలును నిలుపుకొని బూటును మరచిపోయింది. మరచిపోయిన ఆ సగంలోనే నేటివారికి పనికివచ్చే పాఠం ఉన్నది.

ఎవరి విజయం?

జ్ఞాపకం చెప్పేదానితో పాటు చెప్పనిదాన్ని కూడా గమనించాలి. 1911లో మోహన్ బగాన్ గెలిచినప్పుడు తమ హిందూ సోదరుల విజయానికి ముస్లిం క్రీడాకారులు ఆనందంతో నేలమీద పొర్లారని ఆనాటి ఒక ముస్లిం పత్రిక వ్రాసింది. 1934లో మహమ్మడన్ గెలిచినప్పుడు కూడా అది భారతీయుల గెలుపుగా ప్రశంసలు అందుకొన్నది. ఆ తరువాతి సంవత్సరాలలో రాజకీయ వాతావరణం మారింది. ఖ్వాజా నాజిముద్దీన్ వంటి నాయకులు క్లబ్ పోషకులుగా నిలిచారు. ఆట గెలుపోటములు మతవర్గాల గెలుపోటములుగా లెక్కకు రాసాగాయి. నేడు ఇరువైపుల వృద్ధుల నోట వినవచ్చేది చాలామటుకు ఈ రెండవ దశకు చెందిన జ్ఞాపకమే. మొదటి దశ మరుగున పడిపోయింది.

1940 డిసెంబరులో ఢిల్లీలోని ఇర్విన్ యాంఫీథియేటరులో జరిగిన డురాండ్ కప్పు తుది పోటీ ఇందుకు మంచి ఉదాహరణ. రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును 2-1 తేడాతో ఓడించి, ఆ కప్పు గెలిచిన మొదటి భారతీయ పౌర జట్టుగా మహమ్మడన్ చరిత్రకెక్కింది. ఆ పోటీకి రిఫరీ హర్నామ్ సింగ్. డురాండ్ తుది పోటీని నిర్వహించిన మొదటి భారతీయుడు ఆయన. ఒక ముస్లిం జట్టు ఘనవిజయానికి ఒక సిక్కు న్యాయనిర్ణేత. గెలిచినవారి పేర్లు చెప్పేవారు ఆయన పేరునూ చెప్పాలి.

విభజన తరువాత

1946 అల్లర్లతో, 1947 విభజనతో అంతా ముగిసిపోయిందన్నది మరొక సాధారణ అభిప్రాయం. ఎందరో ఆటగాళ్ళూ, అభిమానులూ సరిహద్దు దాటిపోయిన మాట నిజమే. కాని పట్టిక మరోమాట చెబుతుంది. 1948లోనే, అనగా విభజన జరిగి ఏడాది గడిచీ గడవకముందే, మహమ్మడన్ మళ్ళీ లీగు విజేత అయింది. 1957, 1967, 1981లలో కూడా గెలిచింది. ఆ తరువాత నలభై ఏళ్ళ నిరీక్షణ. 2021లో లీగు మళ్ళీ చేతికి వచ్చింది. 2023-24లో ఐ-లీగు గెలిచి, 2024లో దేశపు అగ్రశ్రేణి పోటీలో ప్రవేశించింది. ఉండిపోయినవారి ఓర్పును ‘ముగిసిపోయింది’ అన్న ఒక్క మాట కప్పివేస్తున్నది. వలసపోయినవారి దుఃఖానికి చరిత్రలో ఎంత చోటు ఉన్నదో, ఉండిపోయినవారి పట్టుదలకూ అంత చోటు ఉండాలి.

గత వైభవాన్ని తలచుకొనేవారు మరొక విషయాన్ని కూడా దాటవేస్తారు. అభిమానం హద్దు మీరితే ఏమవుతుందో కలకత్తా మైదానానికి తెలుసు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల పోటీలో చెలరేగిన కొట్లాటలో పదహారుమంది ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు. వారందరూ ఆట చూడటానికి ఇంటి నుండి బయలుదేరినవారే.

హైదరాబాదు తరం

కలకత్తా మైదానంతో దక్కనుకు సన్నిహిత సంబంధం ఉన్నది. హైదరాబాదులో పుట్టిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ 1960వ దశకం ఆరంభంలో మహమ్మడన్ గోలును కాపాడాడు. ఆయన క్రైస్తవుడు. హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్, ముహమ్మద్ హబీబ్‌లు కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బుల తరఫునా ఆడారు.

హైదరాబాదు నగరానికి తనదైన గాథ కూడా ఉన్నది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత నగర ముస్లిములలో నిస్పృహ అలముకొని ఉన్న రోజులలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడూ, పాఠశాల ఉపాధ్యాయుడూ అయిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. నూర్ ముహమ్మద్, అజీజుద్దీన్‌ల వంటివారి తరువాత తులసీదాస్ బలరామ్, కన్నన్‌ల వంటివారు కూడా ఆ జట్టులో ఆడారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో రహీమ్ శిక్షణలోని భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకం సాధించింది. గోళ్ళు చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. గోలు కాచినవాడు తంగరాజ్. అప్పటికే కేన్సరుతో బాధపడుతున్న రహీమ్ 1963 జూన్ 11న కన్నుమూశాడు.

బలరామ్ 2023 ఫిబ్రవరిలో, హబీబ్ అదే సంవత్సరం ఆగస్టు 15న మరణించారు. ఆడినవారు వెళ్ళిపోతున్నారు. చూసినవారూ వెళ్ళిపోతున్నారు. ఫతే మైదానంలో ఆనాటి ఆటలు చూసిన వృద్ధులు తెలుగు జిల్లాలలోనూ ఇంకా కొందరు ఉన్నారు. వారి మాటలను వ్రాసిపెట్టడం నేటి విద్యార్థులు చేయదగిన పని. వ్రాసేటప్పుడు మూడు ప్రశ్నలు తప్పక అడగాలి: మీరు చూశారా, విన్నారా? అది ఏ సంవత్సరం? మీ పక్కన ఎవరు ఉన్నారు? మూడవ ప్రశ్న మరీ ముఖ్యమైనది. గెలిచిననాడు పక్కన నిలబడి చప్పట్లు కొట్టిన ఇరుగుపొరుగువారి పేర్లు, ఎంతటి మంచి జ్ఞాపకం నుండి అయినా, ముందుగా జారిపోయేవి. వాటిని నిలుపుకొన్నప్పుడే ఈ గాథ పూర్తి నిజమవుతుంది.